ప్రూఫ్, మింట్ నాణేల సెట్లు సేకరించడం ఎలా? తిరుపతిలో మొదలుపెట్టేవాళ్ల కోసం

తిరుపతిలో చిల్లరకు కొదవ లేదు. దేశం నలుమూలల నుంచి వచ్చే భక్తుల జేబుల్లోని నాణేలు ఆటోల్లో, టీ బంకుల్లో, పూల అంగళ్లలో చేతులు మారుతూనే ఉంటాయి. టంకశాల నుంచి నేరుగా డబ్బాలో వచ్చే సెట్ల సంగతి మాత్రం చాలామందికి తెలియదు. వాటిని సేకరించాలంటే ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి: ఈ హాబీలో మీరు డబ్బు పెట్టేది ప్రధానంగా నాణెం పైపొర మీద. కొనడమైనా, దాచడమైనా దాన్నిబట్టే.

ముందు తేడా తెలుసుకోండి

మింట్ సెట్‌నే యూఎన్‌సీ (అన్‌సర్క్యులేటెడ్) సెట్ అంటారు. అందులో ఉండేవి మామూలు పద్ధతిలో ముద్రించి, చలామణిలోకి పంపకుండా ప్యాక్ చేసిన నాణేలు. ప్రూఫ్ నాణేలకు అచ్చునూ, ముద్రించే బిళ్లనూ ముందే బాగా మెరుగుపెడతారు. ఎక్కువ ఒత్తిడితో ఒకటికి రెండుసార్లు అచ్చు కొడతారు. అందుకే నాణెం నేల (బొమ్మ లేని ఖాళీ భాగం) అద్దంలా ఉంటుంది, దాని మీద బొమ్మ మసక తెలుపులో పైకి కనిపిస్తుంది. కొత్తవాళ్లు యూఎన్‌సీతో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. ధర తక్కువ, టెన్షన్ కూడా తక్కువ.

ఇంకో సంగతి. టీటీడీ అమ్మే శ్రీవారి బంగారు, వెండి డాలర్లు నాణేలు కావు. వాటికి ముఖవిలువ ఉండదు. భక్తితో కొనుక్కోండి, ఈ లెక్కలో మాత్రం కలపకండి.

చిల్లరతో కంటికి పని చెప్పండి

సెట్లు కొనకముందే కొన్నాళ్లు మీ జేబులోని నాణేలను భూతద్దం కింద పెట్టి చూడండి. సంవత్సరం అంకెల కింద ఐదు కోణాల నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలది. గుండ్రటి బొట్టు నోయిడా, డైమండ్ గుర్తు ముంబై. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ముంబై ప్రూఫ్ నాణేల మీద మాత్రం అక్షరం కనిపిస్తుంది: పాతవాటిపై ‘బి’, 1996 నుంచి ‘ఎం’.

పది రూపాయల బిళ్ల ‘చెల్లదు’ అనే అంగళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది. ఆ 14నూ వెతికి పట్టుకోవడం ఖర్చు లేని మంచి సాధన. వద్దనుకునే దుకాణదారు మీకు సంతోషంగా ఇచ్చేస్తాడు.

ఒక దారి ఎంచుకోండి

కనిపించిన ప్రతిదీ కొంటే పర్సు ఖాళీ అవుతుంది, సేకరణకు ఒక రూపం రాదు. ఒక టంకశాలనో, ఒక దశాబ్దాన్నో, ఒక అంశాన్నో పట్టుకోండి. మన దేశంలో స్మారక నాణేల వరుస 1964లో నెహ్రూ నాణెంతో మొదలైంది. తెలుగువాళ్లకు సులువైన మొదటి మెట్టు ఎన్టీఆర్ శతజయంతి నాణెం. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేశారు. ముఖవిలువ 100 రూపాయలు, అడ్డుకొలత 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు. సగం వెండి, 40 శాతం రాగి, మిగతాది నికెల్, జింక్.

ఆరవీటి వంశపు వేంకటపతి రాయలు బంగారు నాణేల మీద వేంకటేశ్వరస్వామి బొమ్మ వేయించాడు. ఆ రాయలు ఏలిన చంద్రగిరి కోట చూసొచ్చినవాళ్లకు ఆ నాణేల మీదకు మనసు పోవడం సహజమే. కానీ ఆ దారి వేరు, దానికి కావాల్సిన చదువూ ఖర్చూ వేరు.

టంకశాల నుంచే కొనండి

ప్రభుత్వ టంకశాలలను నడిపే ఎస్‌పీఎంసీఐఎల్ తన వెబ్‌సైట్‌లో సెట్లకు బుకింగ్ తెరుస్తుంది. స్మారక సెట్ల ధర ముఖవిలువ కంటే చాలా ఎక్కువే ఉంటుంది, అందులో మోసం లేదు. బుకింగ్ గడువు దాటితే మాత్రం డీలర్ చెప్పిందే ధర. పార్శిల్ రాగానే పగటి వెలుతురులో డబ్బా, నాణెం ఫొటోలు తీసి, బిల్లుతో కలిపి దాచండి. టంకశాల సీలును విప్పకండి.

డీలర్ దగ్గర ‘ప్రూఫ్’ అని విడి నాణెం చూపిస్తే, దాని పక్కన అక్షరాలు అచ్చయిన కాగితం ముక్క నిలబెట్టండి. నాణెం నేలలో అక్షరాలు స్పష్టంగా ప్రతిఫలించాలి. తర్వాత నాణేన్ని దీపం కింద మెల్లగా వంచి చూడండి. సన్నటి గీతలు గుంపుగా మెరిశాయంటే ఎవరో మెరుగుపెట్టిన మామూలు నాణెం అయి ఉండొచ్చు, లేదా తుడిచి పాడుచేసిన ప్రూఫ్ కావచ్చు. రెండూ వద్దు. బరువు మీద అనుమానం ఉంటే గాంధీ రోడ్డులో ఏదైనా నగల షాపులో తూకం వేయించండి.

ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి

అసలు ప్రమాదం ఇక్కడే. పండగ ముందు పూజ సామాను తోమేటప్పుడు నల్లబడిన వెండి నాణేన్ని కూడా విభూతితోనో, చింతపండుతోనో రుద్దేస్తారు. ఒక్కసారి రుద్దితే ఆ అద్దం పోయినట్టే, మళ్లీ రాదు. రంగు మారినా అలాగే ఉంచండి. లక్ష్మీపూజలో పెట్టాలనుకుంటే మామూలు నాణేలు పెట్టుకోవచ్చు, కుంకుమ పడితే ప్రూఫ్ నాణెం తట్టుకోదు.

నాణెం విడిగా ఉంటే అంచులు పట్టుకునే ఎత్తండి, వేలిముద్ర పడితే కాలక్రమంలో మచ్చగా తేలుతుంది. పీవీసీ కవర్లలో పెడితే కొన్నాళ్లకు ఆకుపచ్చ జిగురు పడుతుంది. నాణెం పెట్టుకునే గట్టి ప్లాస్టిక్ డబ్బీ (క్యాప్సూల్) కొనండి. రబ్బరు బ్యాండ్లలో గంధకం ఉంటుంది, అది వెండిని నల్లబరుస్తుంది. నవంబరు, డిసెంబరు వానల్లో మన బీరువాలకు చెమ్మ పడుతుంది కాబట్టి సిలికా జెల్ పొట్లాలు వేసి, తడి పీల్చుకున్నాక మార్చండి.

అమ్మాలనిపిస్తే

‘మీ వైష్ణోదేవి నాణేనికి లక్షలిస్తాం, ముందు కమీషన్ కట్టండి’ అంటూ ఫోన్లు వస్తాయి. తన పేరు, లోగో వాడుకుని ఇలా డబ్బు అడుగుతున్నారని రిజర్వు బ్యాంకు 2021లో హెచ్చరించింది. నిజంగా కొనేవాడు డబ్బు ఇస్తాడే గానీ అడగడు. ఇద్దరు ముగ్గురు డీలర్లకు బిల్లుతో సహా చూపించి ధర కనుక్కోండి. అందరూ తక్కువే చెబితే కంగారు పడొద్దు, చాలా సెట్లు ఏళ్ల తరబడి కొన్న ధర దగ్గరే ఆగిపోతాయి. లాభం కోసమే అయితే ఆ డబ్బు బ్యాంకులో వేసుకోవడం నయం.