డిజిటల్ మార్కెటింగ్ స్వయంబోధిని – 4వ పాఠం: లింకుకు తోక కట్టడం

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. గత నెల మీ సైటుకు వచ్చినవాళ్లలో ‘డైరెక్ట్’ కింద ఎంతమంది నమోదయ్యారో చూడమన్నాను. చాలామందికి ఆ అంకె అనుమానం వచ్చేంత పెద్దగా కనిపించి ఉంటుంది. అంతమందీ మన చిరునామాను కంఠతా పట్టి టైపు చేశారా? లేదు. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు నొక్కినవాళ్లు, పీడీఎఫ్‌లోంచి వచ్చినవాళ్లు, కంప్యూటర్లోని మెయిల్ సాఫ్ట్‌వేర్‌లోంచి వచ్చినవాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చారన్నది చాలాసార్లు సైటుకు అందదు. అందనప్పుడు అనలిటిక్స్ (సైటుకు వచ్చినవాళ్ల లెక్క చూపే గూగుల్ పనిముట్టు) వాళ్లందర్నీ డైరెక్ట్ అనే ఒకే బుట్టలో వేస్తుంది.

ఆ బుట్టలోంచి మన క్యాంపెయిన్లను బయటికి తీయడమే ఈ పాఠం. పని చిన్నదే. మనం బయటికి పంపే ప్రతి లింకు చివరా అది ఎక్కణ్ణుంచి బయల్దేరిందో రాసి పంపుతాం. ఆఫీసుల్లో దీన్ని యూటీఎం ట్యాగు అంటారు. నేను తోక అంటాను.

తోకలో ఏముంటుంది

ముఖ్యమైనవి ఐదు భాగాలు. సోర్స్ అంటే లింకు ఎక్కడ పెట్టామో ఆ చోటు: ఫేస్‌బుక్, లింక్డ్‌ఇన్, మన వార్తాలేఖ. మీడియం అంటే ఏ రకం దారి: ఈమెయిల్, సోషల్, డబ్బు కట్టిన ప్రకటన. క్యాంపెయిన్ అంటే ఏ పని కోసం పంపామో దాని పేరు. ఈ మూడూ రోజూ కావాలి. నాలుగోది కంటెంట్. ఒకే మెయిల్లో పైన బొమ్మకీ కింద బటన్‌కీ ఒకే లింకు ఇస్తే, దేన్ని నొక్కారో విడదీయడానికి పనికొస్తుంది. ఐదోది టర్మ్, సెర్చ్ ప్రకటనల్లోని పదాల కోసం. గూగుల్ యాడ్స్ తన ప్రకటనలకు తన గుర్తు తానే తగిలించుకుంటుంది కాబట్టి దాన్ని మీరు ముట్టుకునే అవసరం పెద్దగా రాదు.

ఇక రూపం. అక్షరాలు తెలుగులో చూపిస్తున్నాను, మీరు టైపు చేసేది మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో:

పేజీ-చిరునామా?యూటీఎం_సోర్స్=వార్తాలేఖ&యూటీఎం_మీడియం=ఈమెయిల్&యూటీఎం_క్యాంపెయిన్=జూన్-వెబినార్

చిరునామా అయిపోయిన చోట ఒక ? వస్తుంది. లింకు మొత్తానికి అది ఒక్కటే. చిరునామాలో ముందే ? ఉంటే మన తోక &తో మొదలవ్వాలి. భాగానికీ భాగానికీ మధ్య &. పేజీలో ఒక చోటికి దూకించే # గుర్తు ఉంటే తోక దానికి ముందే రావాలి, # తర్వాత రాసింది తోకగా లెక్కకు రాదు. ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టమనిపిస్తే గూగుల్ వాళ్ల ఉచిత క్యాంపెయిన్ యూఆర్ఎల్ బిల్డర్ ఉంది, గళ్లు నింపితే లింకు తయారుచేసి ఇస్తుంది. అయినా మొదటి పది లింకులు చేత్తో కట్టండి. తర్వాత ఎవరి లింకైనా తెగితే ఎక్కడ తెగిందో చూడగానే తెలుస్తుంది.

తోకలో తెలుగు అక్షరాలు పెట్టొచ్చా అని సందేహం రావచ్చు. పెట్టొచ్చు, కానీ లింకును కాపీ చేసినప్పుడు ఒక్కో తెలుగు గుర్తూ తొమ్మిది అక్షరాల గజిబిజిగా మారుతుంది. ‘లింకు’ అన్న చిన్న మాటే 45 అక్షరాలవుతుంది. అందుకే ఇంగ్లీషు.

యూటీఎం అంటే అర్చిన్ ట్రాకింగ్ మాడ్యూల్. అందులో మొదటి అక్షరం అర్చిన్ అనే కంపెనీది. గూగుల్ 2005లో దాన్ని కొని, అదే ఏడాది దాని పునాది మీద గూగుల్ అనలిటిక్స్ తెచ్చింది. 2023 జులై 1న దాని పాత రూపం, ఉచిత యూనివర్సల్ అనలిటిక్స్ ఆగిపోయి అందరం కొత్త రూపం జీఏ4కు (గూగుల్ అనలిటిక్స్ 4) మారినప్పుడు రిపోర్టులు చదవడం మళ్లీ మొదట్నుంచి నేర్చుకున్నాం. ఈ ఐదు భాగాలు మాత్రం అలాగే ఉన్నాయి.

అసలు పని పేర్లది

తోక కట్టడం పది నిమిషాల్లో వచ్చేస్తుంది. చెడిపోయేది పేర్ల దగ్గర.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ముగ్గురం కలిసి ఒక వార్తాలేఖ నడిపేవాళ్లం. మీడియం దగ్గర ఒకరు ఈమెయిల్ అని అన్నీ చిన్న అక్షరాల్లో రాసేవారు, ఇంకొకరు మొదటి అక్షరం పెద్దది చేసేవారు, నేను వార్తాలేఖ అనే రాసేవాణ్ణి. అనలిటిక్స్‌కు పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. నెలాఖరు రిపోర్టులో ఒకే పని మూడు వరుసలుగా చీలింది. మా మేనేజరు పై వరుస ఒక్కటీ చూసి మెయిల్ పనిచెయ్యట్లేదని తేల్చేశారు. ఆ మూడూ కూడి చూపించేసరికి మీటింగ్ అయిపోయింది. నమోదైపోయిన పేరును వెనక్కి వెళ్లి దిద్దే వీలు కూడా లేదు.

మీడియం విషయంలో మన సృజన అసలే పనికిరాదు. మీడియం ‘ఈమెయిల్’ అని ఉంటే జీఏ4 ఆ సందర్శనను ఈమెయిల్ ఛానల్లో వేస్తుంది. అక్కడ ‘వార్తాలేఖ’ అనో ‘జూన్-మెయిలర్’ అనో రాస్తే దానికి అర్థం కాక ‘అన్‌అసైన్డ్’ (ఏ ఛానల్లోకీ చేరనివి) అనే గదిలోకి తోస్తుంది. సొంత పేర్లేమైనా ఉంటే క్యాంపెయిన్‌లో పెట్టుకోండి, మీడియంను దానికి తెలిసిన మాటల్లోనే ఉంచండి.

కాబట్టి ఈ వారం ఒక షీటు చేద్దాం. గూగుల్ షీట్స్ అయినా ఎక్సెల్ అయినా ఒకటే. మొదటి నిలువు వరుసలో తేదీ, తర్వాత పేజీ చిరునామా, సోర్స్, మీడియం, క్యాంపెయిన్, కంటెంట్, చివర తయారైన లింకు, ఎవరు చేశారన్నది. సోర్స్‌కీ మీడియంకీ డేటా వాలిడేషన్‌తో డ్రాప్‌డౌన్ (ముందే ఇచ్చిన మాటల్లోంచి ఎంచుకునే జాబితా) పెట్టండి, చేత్తో టైపు చేసే వీలే ఉండకూడదు. క్యాంపెయిన్ పేరు మీద లోయర్, ట్రిమ్, సబ్‌స్టిట్యూట్ అనే మూడు ఫంక్షన్లు నడిపితే పెద్ద అక్షరాలు చిన్నవవుతాయి, చివరి ఖాళీలు పోతాయి, మధ్య ఖాళీల్లో అడ్డగీత వస్తుంది. ఆ తర్వాత షీటు ఫార్ములాలో ముక్కలన్నీ & గుర్తుతో అతికించడమే.

ఈ షీటు మీ ఉద్యోగానికి ఎంత పనికొస్తుందో మొదట్లో తెలీదు. ఆరు నెలలయ్యాక మీరు పంపిన ప్రతిదానికీ తేదీతో సహా లెక్క ఉంటుంది. జీతం మాట వచ్చినప్పుడు, ఇంకోచోట ఇంటర్వ్యూలో ‘మీరు నడిపినవాటిలో ఏది పనిచేసింది, ఏది చెయ్యలేదు’ అని అడిగినప్పుడు, నెమరేసుకోనక్కర్లేదు. షీటు కంపెనీదే, దాన్ని పట్టుకుపోకూడదు. నేర్చుకున్నది మీతో వస్తుంది.

మెయిల్ ఎంతమంది తెరిచారన్న లెక్క ఉంది కదా, ఈ తంటా ఎందుకు అనేవాళ్లున్నారు. 2021లో యాపిల్ తన మెయిల్ యాప్‌లో గోప్యత ఏర్పాటు తెచ్చింది. అది ఆన్‌లో ఉంటే, మనిషి మెయిల్ చూసినా చూడకపోయినా బొమ్మలు ముందుగానే దిగిపోతాయి, మన లెక్కలో తెరిచినట్టు పడుతుంది. నేనిప్పుడు ఆ అంకెను రిపోర్టులో చివర వేస్తాను. క్లిక్కును నమ్ముతాను.

కొన్ని జాగ్రత్తలు

మన సైట్లోనే ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లే లింకుకు తోక కట్టకండి. మెయిల్ నుంచి వచ్చిన మనిషి హోం పేజీ బ్యానర్ నొక్కగానే, ఆ ఫలితం మీ మెయిల్ ఖాతాలోంచి జారి బ్యానర్ ఖాతాలో పడే ప్రమాదం ఉంది. తోకలో ఎవరి పేరు, ఫోన్ నంబరు, మెయిల్ చిరునామా పెట్టకూడదు. అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం, పైగా లింకు ఎవరు చూసినా చదవగలరు. క్యూఆర్ కోడ్ చేసేటప్పుడు లింకును ముందు కుదించండి. తోక పొడుగైనకొద్దీ గళ్లు చిక్కబడి చిన్న అచ్చులో ఫోను చదవలేదు.

పంపేముందు పరీక్ష తప్పనిసరి. బ్రౌజర్లో ప్రైవేట్ విండో తెరిచి లింకు నొక్కండి. పేజీ పూర్తిగా వచ్చాక పైన చిరునామాలో తోక ఇంకా ఉందా? మధ్యలో దారి మళ్లించే లింకులు కొన్ని దాన్ని కత్తిరించేస్తాయి. ఉంటే రియల్‌టైమ్ రిపోర్టు (ఇప్పుడిప్పుడే సైటుకు వచ్చినవాళ్లను చూపేది) తెరిచి మీ సోర్స్ పేరు కనబడుతుందేమో చూడండి. అక్కడ కనిపించేది మనిషి మొట్టమొదటిసారి వచ్చిన సోర్స్. మామూలు విండోలో నొక్కితే మీరు అనలిటిక్స్ లెక్కలో పాత మనిషే, అందుకే ప్రైవేట్ విండో.

అభ్యాసం

షీటు తయారుచేసి ఈ వారం బయటికి పంపే ప్రతి లింకునూ అందులోంచే తీయండి. కింది మూడింట్లో ఏది సరిగ్గా నమోదవుతుంది, మిగతావాటిలో తప్పెక్కడుంది?

ఒకటి: పేజీ#నమోదు?యూటీఎం_సోర్స్=లింక్డ్‌ఇన్&యూటీఎం_మీడియం=సోషల్

రెండు: పేజీ?భాష=తెలుగు&యూటీఎం_సోర్స్=వార్తాలేఖ&యూటీఎం_మీడియం=ఈమెయిల్&యూటీఎం_క్యాంపెయిన్=జూన్-వెబినార్

మూడు: పేజీ?భాష=తెలుగు?యూటీఎం_సోర్స్=ఫేస్‌బుక్&యూటీఎం_మీడియం=సోషల్

జవాబులు వచ్చే పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠానికి మీ షీటులో కనీసం ఇరవై వరుసలుండాలి, పివట్ టేబుల్ (వరుసల్ని గుంపులుగా కూడి చూపే పట్టిక) దాని మీదే చేస్తాం.