కుక్కపిల్లను చూసే ముందు దాని తల్లిదండ్రుల పరీక్షా పత్రాలు చూడండి

జాతి కుక్కపిల్లతో పాటు చేతికిచ్చే పెడిగ్రీ పత్రం ఆ పిల్ల ఏ తల్లికి, ఏ తండ్రికి పుట్టిందో మాత్రమే చెబుతుంది. ఆ తల్లిదండ్రుల తుంటి కీళ్లు గట్టిగా ఉన్నాయా, చూపు, గుండె బాగున్నాయా అన్న సంగతి అందులో ఉండదు. ‘పేపర్లున్నాయి’ అన్న ఒక్క మాటకు నిశ్చింతపడి పిల్లను తెచ్చుకున్నవారు, ఏడాది తిరగకముందే అది మెట్ల దగ్గర ఆగిపోతుంటే ఏం చేయాలో పాలుపోక పశువైద్యుల చుట్టూ తిరుగుతుంటారు. ఈ బాధలో చాలా భాగాన్ని కొనడానికి ముందే తప్పించుకోవచ్చు. అందుకు ఏయే ప్రశ్నలు అడగాలో తెలియాలి, సరైన జవాబు రానప్పుడు ఉత్త చేతులతో వెనక్కి వచ్చే నిబ్బరమూ ఉండాలి.

ముందుగా, మనసుపడ్డ జాతిలో ఏ జబ్బులు వంశపారంపర్యంగా వస్తాయో తెలుసుకోవాలి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్ వంటి పెద్ద కుక్కల్లో తుంటి కీలు సరిగా అమరక వదులుగా ఉండే హిప్ డిస్‌ప్లేసియా, పొమెరేనియన్, చివావా వంటి చిన్న కుక్కల్లో మోకాలిచిప్ప పక్కకు జారడం, డాబర్‌మాన్‌లో గుండె కండరం బలహీనపడి సాగిపోవడం, డాష్‌హండ్‌లో వెన్నుపూసల మధ్య డిస్కులు జారడం తరచుగా కనిపిస్తాయి. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌ల విషయంలో కష్టమంతా వాటి రూపంలోనే ఉంది. మూతి పొట్టిదైనా లోపలి మెత్తని కండ ఆ మేరకు తగ్గదు కాబట్టి గాలి దారి ఇరుకవుతుంది. కాస్త నడిస్తేనే గురగురమంటూ రొప్పడం ఆ జాతికి సహజమేనని అమ్మేవారు చెబితే నమ్మవద్దు. అది గాలి అందని కుక్క పడే అవస్థ. నెదర్లాండ్స్‌లో 2019 నుంచి, మూతి పొడవు పుర్రె పొడవులో మూడోవంతు కన్నా తక్కువగా ఉన్న కుక్కలతో పిల్లలు పెట్టించడాన్ని అనుమతించడం లేదు.

ఒక్కో జాతి కొద్దిపాటి పూర్వీకుల నుంచే విస్తరించడం, ఆపైన దగ్గరి బంధువుల మధ్యే క్రాసింగ్ జరగడం ఈ జబ్బులకు మూలం. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన ఆడ, మగ కుక్కలను కలిపితే పుట్టే పిల్లల అంతఃప్రజనన శాతం (ఒకే పూర్వీకుడి నుంచి ఒకే జన్యువు తల్లి వైపూ తండ్రి వైపూ చేరే అవకాశం) కనీసం 25 ఉంటుంది. తండ్రి ఒకటే అయి తల్లులు వేరైతే అది 12.5. కాబట్టి పెడిగ్రీలో ఒకే పేరు రెండు మూడు చోట్ల కనిపిస్తే కారణం అడగండి. వంశపారంపర్య జబ్బుల్లో అనేకం, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు లోపభూయిష్టమైన జన్యువులు చేరితేనే బయటపడతాయి. ఒక్కటే ఉన్న కుక్క ఆరోగ్యంగానే ఉంటుంది. దాన్ని క్యారియర్ అంటారు. రెండు క్యారియర్లను కలిపితే పుట్టే ప్రతి పిల్లకూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. క్యారియర్‌ను ఆ లోపం అసలే లేని కుక్కతో కలిపితే ఏ పిల్లకూ ఆ జబ్బు రాదు. అందుచేత జన్యు పరీక్ష నివేదికలో ‘క్యారియర్’ అన్న మాట చూసి బెదిరిపోనక్కర్లేదు. నిజానికి జోడీని ఆలోచించి కుదిర్చిన బ్రీడర్ దగ్గర అలాంటి కుక్క ఉండటం తప్పేమీ కాదు, క్యారియర్లన్నింటినీ పక్కన పెడితే ఆ జాతి మరింత ఇరుకున పడుతుంది.

డాల్మేషన్ల కథ ఈ సందర్భంలో చెప్పుకోదగ్గది. మూత్రంలో యూరిక్ ఆమ్లం పెరిగి రాళ్లకు దారితీసే లోపం ఆ జాతి మొత్తానికీ పాకిపోవడంతో, లోపంలేని జోడీ కోసం జాతి లోపల వెతికినా దొరకని పరిస్థితి వచ్చింది. 1973లో అమెరికాలో ఒక జన్యుశాస్త్రవేత్త డాల్మేషన్‌ను పాయింటర్ అనే మరో జాతి కుక్కతో ఒకే ఒక్కసారి కలిపి, ఆ సంతతిని తరతరాలుగా మళ్లీ డాల్మేషన్లతోనే కలుపుతూ వచ్చారు. అలా సరైన జన్యువు తిరిగి చేరిన కుక్కలను అమెరికన్ కెన్నెల్ క్లబ్ 2011లో నమోదుకు అంగీకరించింది. డాల్మేషన్ కొనదలచినవారు ఆ వంశం గురించి ప్రత్యేకంగా వాకబు చేయాలి.

ఇక పరీక్షల విషయం. కొన్ని జబ్బులకు డీఎన్‌ఏ పరీక్ష ఉంది. బుగ్గ లోపల దూదిపుల్లతో తీసిన నమూనా సరిపోతుంది. లాబ్రడార్, కాకర్ స్పానియల్, పూడిల్‌లలో క్రమంగా చూపు పోగొట్టే రెటీనా జబ్బు, కోలీ జాతుల్లో ఐవర్‌మెక్టిన్ వంటి మందులు పెద్ద మోతాదులో పడకపోవడానికి కారణమయ్యే ఎండీఆర్1 లోపం ఈ కోవలోవి. హిప్ డిస్‌ప్లేసియా అలాంటిది కాదు. దాని వెనుక అనేక జన్యువులు, వాటికి తోడు తిండీ వ్యాయామమూ ఉంటాయి కాబట్టి తల్లిదండ్రులను మత్తులో వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్లు చాపి తీసిన ఎక్స్‌రేనే ఆధారం. అలాంటి ఎక్స్‌రేలను పరిశీలించే అమెరికాలోని ఓఎఫ్‌ఏ సంస్థ కుక్కకు రెండేళ్లు నిండితేనే తుది గ్రేడు ఇస్తుంది. ఎనిమిది వారాల పిల్లను చూపించి ‘దీని తుంటి బాగుంది’ అనేవారి మాటకు ఆధారం లేదని దీన్నిబట్టే గ్రహించవచ్చు. గుండె, కంటి పరీక్షలు ఒకసారి చేయించి వదిలేసేవి కావు. కవలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్‌లో గుండె కవాటం పాడయ్యే జబ్బు వయసుతో బయటపడుతుంది కనుక, రెండున్నరేళ్లు దాటకుండా పిల్లలు పెట్టించిన తల్లి అయితే ఆ పిల్లను వదులుకోవడమే మేలు. నివేదిక మీది మైక్రోచిప్ నంబరు, ఎదుట ఉన్న కుక్క నంబరు ఒకటేనో కాదో కూడా సరిచూడండి.

పత్రాలు తృప్తిగా ఉన్నాకే పిల్లలను చూడండి. తల్లిని చూపించడానికి వెనకాడే చోట కొనవద్దు. తల్లి నడక, ఊపిరి గమనించండి. చిన్న జాతి కుక్క నాలుగడుగులు వేసి, వెనక కాలొకటి ఎత్తి రెండు మూడు అడుగులు కుంటి, మళ్లీ ఏమీ కానట్టు పరుగెత్తిందంటే మోకాలిచిప్ప జారుతోందేమోనని అనుమానించాలి. కొన్న కొద్ది రోజుల్లోనే మీరు ఎంచుకున్న పశువైద్యుడికి చూపిస్తారనీ, పుట్టుకతో వచ్చిన లోపం తేలితే పిల్లను వెనక్కి తీసుకుంటారో, వైద్య ఖర్చు భరిస్తారో బ్రీడరే చెప్పాలనీ బ్రీడర్‌తో ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి.

ఇంత జాగ్రత్తపడ్డా జబ్బు తేలవచ్చు. అప్పుడు మీ చేతిలో ఉన్న బలమైన సాధనం బరువును అదుపులో ఉంచడం. 2002లో వెలువడిన ఒక సుదీర్ఘ అధ్యయనంలో, తోటివాటికన్నా 25 శాతం తక్కువ తిండితో పెరిగిన లాబ్రడార్లలో తుంటి కీళ్ల వాపు ఆలస్యంగా వచ్చింది, అవి సగటున దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. పక్కటెముకలు చేతికి తేలిగ్గా తగిలేలా, పైనుంచి చూస్తే నడుము కనిపించేలా కుక్కను ఉంచండి. నున్నటి గచ్చు మీద చాపలో, తివాచీలో పరవండి. ఎత్తు నుంచి దూకనివ్వకండి. నొప్పి మందులు సొంతంగా ఇవ్వడం ప్రమాదం, మనుషులు వాడే ఐబూప్రొఫెన్ కుక్కలకు విషం. శస్త్రచికిత్స అవసరమంటే మరో నిపుణుడి అభిప్రాయం కూడా తీసుకోండి. ఆ కుక్కకు పిల్లలు పెట్టించకండి. వైద్యుడి నివేదిక ప్రతిని బ్రీడర్‌కు తప్పక పంపండి. అదే ఈతలో పుట్టిన మిగతా పిల్లల యజమానులకు కబురు అందాలన్నా, ఆ జోడీని మళ్లీ కలపకుండా ఆపాలన్నా ఆ ప్రతి అవసరమవుతుంది.