థాయ్‌లాండ్‌లో ఉండిపోదామనుకునే వైజాగ్ వాళ్లకి కొన్ని ముక్కలు

2024 ఏప్రిల్‌లో విశాఖ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానం మొదలైన దగ్గర్నుంచి మనూళ్లో థాయ్‌లాండ్ అంటే అరకు వెళ్లొచ్చినట్టే మాట్లాడుతున్నారు. నాలుగు రోజులు తిరిగి రావడానికి పెద్దగా ఇబ్బంది లేదు, నిజమే. అక్కడే ఉద్యోగం చేద్దాం, లేకపోతే రిటైరయ్యాక సముద్రం ఒడ్డున ఓ ఫ్లాట్ తీసుకుని ప్రశాంతంగా ఉందాం అనుకునేవాళ్లకి మాత్రం లెక్క వేరు. బ్యాంకాక్‌లో కొన్నేళ్లు పనిచేసి వచ్చాను కాబట్టి చుట్టాలూ, చుట్టాల చుట్టాలూ ఫోన్ చేసి అడుగుతుంటారు. వాళ్లందరికీ చెప్పేదే రాస్తున్నా.

ముందు ముద్ర సంగతి. వీసా ఎన్నాళ్లకి ఇచ్చారు, ఎన్ని ఎంట్రీలు అన్నవి ఎలా ఉన్నా, దిగినప్పుడు పాస్‌పోర్టులో ఇమిగ్రేషన్ వాళ్లు కొట్టిన ముద్రలో ఏ తేదీ వరకు అని ఉందో అదే మీ గడువు. దిగిన రోజు కూడా లెక్కలోకే వస్తుంది, రాత్రి 11 గంటలకి దిగినా సరే. కౌంటర్ దగ్గర్నుంచి నాలుగడుగులు పక్కకి వచ్చి ఆ తేదీ చదివి, ఫోన్‌తో ఫొటో తీసుకుని, క్యాలెండర్‌లో వారం ముందుకి అలారం పెట్టుకోండి. మన పాస్‌పోర్టుకి వీసా లేకుండా ఉండే రోజుల్ని 2024 జూలైలో 60కి పెంచారు. అది అక్కడి ప్రభుత్వం అనుకుంటే మార్చేసే విషయం కాబట్టి టికెట్ కొనే వారం ఏ రూల్ నడుస్తోందో చూసుకోండి, పోయినేడాది వెళ్లొచ్చిన బావమరిది మాట మీద వెళ్లిపోకండి. 2025 మే నుంచి టీడ్యాక్ అని డిజిటల్ అరైవల్ కార్డు కూడా నింపాలి, దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపుకోవచ్చు. అది ఉచితం. డబ్బులు అడిగే సైటు ఏదైనా దొంగ సైటో, మధ్యలో కమిషన్ తినేవాళ్లదో అయి ఉంటుంది.

గడువు దాటితే రోజుకి 500 బాత్ (బాత్ అంటే అక్కడి కరెన్సీ) జరిమానా, గరిష్ఠంగా 20,000. ఇది విని "ఓస్, కట్టేద్దాం" అంటారు కొందరు. 90 రోజులు దాటాక మీ అంతట మీరే ఎయిర్‌పోర్టుకి వెళ్లి బయటపడినా ఏడాది నిషేధం, ఏడాది దాటితే మూడేళ్లు. పోలీసులకి దొరికిపోతే మాత్రం ఏడాదిలోపు ఓవర్‌స్టే అయినా అయిదేళ్లు, ఆపైన అయితే పదేళ్లు. పైగా పంపించేదాకా నిర్బంధ కేంద్రంలో ఉండాలి.

ఇప్పుడు ఉద్యోగాలు. ఇది కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మన ప్రాంతం పిల్లలు ఎక్కువ దెబ్బ తిన్నది ఇక్కడే. థాయ్‌లాండ్‌లో న్యాయంగా ఉద్యోగం అంటే వరస ఇది: కంపెనీ అక్కడి కార్మిక శాఖ దగ్గర ముందస్తు ఆమోదం తీసుకుంటుంది, ఆ కాగితాలతో మీరు ఇక్కడి నుంచే ఉద్యోగం కోసం ఇచ్చే నాన్-ఇమిగ్రెంట్ బీ వీసాకి ఆన్‌లైన్‌లో అప్లై చేస్తారు, అక్కడికి వెళ్లాక వర్క్ పర్మిట్, తర్వాత ఏడాదికి ఎక్స్‌టెన్షన్, అంటే ఉండే గడువు పొడిగింపు. మామూలు కంపెనీ అయితే ఒక్కో విదేశీయుడికి 20 లక్షల బాత్ మూలధనం, నలుగురు థాయ్ ఉద్యోగులు చూపించాలి. ఎక్స్‌టెన్షన్ కోసం మన దేశం వాళ్లకి నెల జీతం కనీసం 35,000 బాత్ ఉండాలని కూడా ఇమిగ్రేషన్ లెక్క ఉంది, టీచర్లకి వేరే రూల్. అందుకే "18 వేల బాత్ జీతం, రూము ఫ్రీ, టూరిస్టుగా వచ్చేయ్, వీసా మేం మార్చిస్తాం" అన్నాడంటే ఆ ఉద్యోగం కాగితం మీద నిలబడదని అక్కడే తెలిసిపోవాలి. వర్క్ పర్మిట్ లేకుండా పనిచేస్తే మీకు 5,000 నుంచి 50,000 బాత్ దాకా జరిమానా, తర్వాత ఇంటికి పంపడం. పర్మిట్ ఉన్నా అందులో రాసిన కంపెనీకి, రాసిన పనే చెయ్యాలి. టూరిస్టు గైడ్, క్షౌరం, థాయ్ మసాజ్ లాంటివి అసలు విదేశీయులకి ఇవ్వరు. మనవాళ్లని తిప్పి చూపించి డబ్బులు తీసుకునే కుర్రాళ్లు పట్టాయాలో చాలామంది కనిపిస్తారు, వాళ్లు చేసేది నేరమని వాళ్లకీ తెలుసు.

ఇంకా ఘోరమైనది డేటా ఎంట్రీ ఉద్యోగాల పేరుతో జరిగేది. 2024 మేలో విశాఖ పోలీసులు పట్టుకున్న ఏజెంట్ల కేసు గుర్తుండే ఉంటుంది, కంప్యూటర్ ఉద్యోగమని చెప్పి కుర్రాళ్లని కాంబోడియా పంపి అక్కడ సైబర్ మోసాలు చేయించారు. థాయ్‌లాండ్ దారి కూడా అలాంటిదే. బ్యాంకాక్‌లో దిగగానే కారు ఎక్కిస్తారు, ఆఫీసు సిటీలోనే అంటారు, గంటలు గడిచినా కారు ఆగదు. తీసుకెళ్లేది మే సోట్ వైపు, నది దాటితే మయన్మార్. 2025 మార్చిలో అలా ఇరుక్కున్న మనవాళ్లని 500 మందికి పైగా వైమానిక దళం విమానాల్లో మే సోట్ నుంచే తీసుకొచ్చారు. కాబట్టి కారు ఊరు దాటుతోందంటే ఫోన్‌లో మ్యాప్ తెరిచి చూడండి, పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకండి, ఇంట్లోవాళ్లకి లొకేషన్ పంపుతూ ఉండండి. పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంటుంది. అలాంటివాళ్లు ఉద్యోగానికి వెళ్తూ ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాల్సిన దేశాల జాబితాలో థాయ్‌లాండ్ కూడా ఉంది. ద్వారకానగర్‌లో బోర్డు పెట్టుకున్న ప్రతి కన్సల్టెన్సీకీ లైసెన్సు ఉండదు, మన ప్రభుత్వం ఈ-మైగ్రేట్ సైట్‌లో ఏజెంటు పేరు కొట్టి చూసుకోండి, రెండు నిమిషాల పని.

ఇంటి నుంచి ల్యాప్‌టాప్‌తో పనిచేసే ఐటీ వాళ్లకి 2024లో డీటీవీ అని కొత్త వీసా వచ్చింది. అయిదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు, ఖాతాలో 5 లక్షల బాత్ చూపించాలి, పని మాత్రం థాయ్‌లాండ్ బయటి కంపెనీకే. మీ కంపెనీ వాళ్లు విదేశం నుంచి లాగిన్ అవ్వనిస్తారో లేదో ముందు అడగండి, చాలా కంపెనీలు ఒప్పుకోవు.

స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో రిటైరై అక్కడ ఉందామనుకునే పెద్దవాళ్లకి: 50 ఏళ్లు నిండాలి, థాయ్ బ్యాంకులో 8 లక్షల బాత్ వేసి ఉంచాలి, లేదా నెలకి 65,000 ఆదాయం చూపించాలి. ఆ 8 లక్షలు అప్లికేషన్‌కి రెండు నెలల ముందు నుంచీ, ఆమోదం వచ్చాక మూడు నెలల వరకూ కదపకూడదు, మిగతా ఏడాది 4 లక్షలకి తగ్గకూడదు. అంటే ఆ డబ్బు మీదే అయినా తినడానికి పనికిరాదు, ఖర్చులకి వేరే చూసుకోవాలి. ఈ వీసా మీద ఏ పనీ చెయ్యకూడదు.

ఇల్లు అద్దెకి దొరకడం కష్టం కాదు. రెండు నెలల డిపాజిట్, ఒక నెల అడ్వాన్సు మామూలుగా అడుగుతారు. సంతకం పెట్టేముందు రెండు ప్రశ్నలు తప్పనిసరిగా అడగాలి. కరెంటు బిల్లు నేరుగా బోర్డుదా, బిల్డింగ్ వాళ్లు వేసేదా అన్నది మొదటిది. బిల్డింగ్ వాళ్లయితే యూనిట్‌కి 7, 8 బాత్ కూడా వేస్తారు, బోర్డు రేటు అందులో సగం చుట్టుపక్కల ఉంటుంది. మన వైజాగ్ ఉక్కపోతే అక్కడా ఉంటుంది కాబట్టి ఏసీ ఆగదు, ఈ తేడా చిన్నదేం కాదు. టీఎం30 ఫారం ఇస్తారా అన్నది రెండోది. మీరు చేరిన 24 గంటల్లోపు ఇంటి ఓనరు ఇమిగ్రేషన్‌కి తెలియజేయాలి, హోటల్ అయితే వాళ్లే చేస్తారు. బాధ్యత ఓనరుదే, కానీ అది లేకపోతే మీ ఎక్స్‌టెన్షన్ ఆగుతుంది. "పన్ను వాళ్లు వస్తారు, నేను చెయ్యను" అనే ఓనరు ఇల్లు ఎంత బాగున్నా వదిలెయ్యండి. చేరిన రోజే గోడలు, ఫ్రిజ్, బాత్రూం కుళాయిలు వీడియో తీసి ఓనరుకి పంపిస్తే ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ గొడవ సగం తగ్గుతుంది.

కొనుక్కోవాలంటే, విదేశీయుడి పేరు మీద స్థలం రాదు. కండోమినియంలో ఫ్లాట్ కొనొచ్చు, ఆ బిల్డింగ్ మొత్తం విస్తీర్ణంలో విదేశీయుల వాటా 49 శాతం దాటకుండా ఉంటేనే, డబ్బు కూడా బయటి దేశం నుంచి విదేశీ కరెన్సీగా వచ్చినట్టు బ్యాంకు కాగితం ఉండాలి. స్థలం 30 ఏళ్లకి లీజు తీసుకోవచ్చు. థాయ్ మనిషి పేరు మీద బినామీగా కంపెనీ పెట్టి స్థలం కొనిపిస్తామనే లాయర్లు దొరుకుతారు. పట్టుబడితే మూడేళ్ల దాకా జైలు ఉన్న నేరం అది, ఆ సలహా ఇచ్చిన లాయరు మీ పక్కన కూర్చోడు.

ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లడం ఎలా ఉంటుందో కాస్త చెప్తాను. బ్యాంకాక్‌లో అయితే చేంగ్ వత్తన ప్రభుత్వ భవనాల్లో ఉంటుంది. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం భోజనానికి ఆపేస్తారు. పాస్‌పోర్టు ఫొటో పేజీ, వీసా పేజీ, చివరిసారి దిగిన ముద్ర ఉన్న పేజీ, ప్రతి దానికీ జిరాక్స్, ప్రతి జిరాక్స్ మీదా నీలి సిరాతో సంతకం. ఒక్కటి మర్చిపోతే కౌంటర్ అమ్మాయి నవ్వుతూనే కాగితాలు వెనక్కి తోసేస్తుంది, మీరు మళ్లీ జిరాక్స్ షాపు లైనులో నిలబడాలి. ఎంత చిరాకొచ్చినా గొంతు పెంచకండి, మన ఆఫీసుల్లో గట్టిగా మాట్లాడితే పని జరగొచ్చేమో కానీ అక్కడ ఉన్నది కూడా చెడుతుంది. 90 రోజులకి పైగా దేశంలో ఉంటే చిరునామా తెలియజేస్తూ టీఎం47 అనే ఫారం ఇవ్వాలి, గడువుకి 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత దాకా సమయం ఉంటుంది. సంక్రాంతికి ఇంటికి వస్తున్నారా, విమానం ఎక్కేముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోండి, ఒక్కసారికి 1,000 బాత్, ఎన్నిసార్లయినా అంటే 3,800. తీసుకోకుండా దేశం దాటితే మీ ఏడాది ఎక్స్‌టెన్షన్ అక్కడికక్కడే రద్దు.

డబ్బు విషయం. టూరిస్టుగా ఉన్నవాళ్లకి బ్యాంకు ఖాతా దొరకడం కష్టం. మన కార్డుతో ఏటీఎంలో తీస్తే ఒక్కోసారికి 220 బాత్ లేదా ఇంకా ఎక్కువే కోస్తారు కాబట్టి వేలకి వేలు ఒకేసారి తీయండి. క్యాలెండర్ సంవత్సరంలో 180 రోజులు ఉంటే అక్కడి పన్ను లెక్కలోకి వస్తారు. 2024 నుంచి బయటి ఆదాయాన్ని అక్కడికి తెచ్చుకున్నా పన్ను అడుగుతున్నారు. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంది, ఇక్కడ కట్టిన రసీదులు దాచుకోండి.

బండి నడిపేవాళ్లు: ఆర్టీఏ నుంచి ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకున్నప్పుడు అందులో టూ వీలర్ గడిలో ముద్ర పడిందో లేదో చూడండి. కారుకే ఉండి స్కూటర్ నడిపి పడితే ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వకపోవచ్చు, ప్రైవేటు ఆసుపత్రి బిల్లు లక్షల్లో ఉంటుంది.

రాజకుటుంబం గురించి జోకులు వద్దు, ఫేస్‌బుక్‌లో షేర్ కూడా వద్దు. సెక్షన్ 112 కింద ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్లు. ఈ-సిగరెట్లు నిషేధం, అమ్మేవాడు రోడ్డు మీదే కనిపించినా సరే. గంజాయి మీద 2022లో సడలించి, 2025లో మళ్లీ డాక్టరు చీటీ ఉంటేనే అని బిగించారు. బ్యాంకాక్ నుంచి బ్యాగులో గంజాయి తెచ్చి మన ఎయిర్‌పోర్టుల్లో దొరికిపోతున్నవాళ్ల వార్తలు చూస్తూనే ఉన్నాం, కాబట్టి "ఈ ప్యాకెట్ మా అన్నయ్యకి ఇచ్చెయ్యి తమ్ముడూ" అని ఎవరిచ్చినా తీసుకోకండి, ఊరివాళ్లైనా సరే.

ఫోన్‌లో సేవ్ చేసుకోవాల్సినవి: పోలీసులు 191, టూరిస్టు పోలీసులు 1155, అంబులెన్సు 1669, ఇమిగ్రేషన్ 1178. మన రాయబార కార్యాలయం సుఖుమ్విత్ సోయి 23లో ఉంది. ఉప్పు, పప్పు, మసాలాలకి బ్యాంకాక్‌లో మనవాళ్ల బజారు పాహురత్ వెళ్లండి, కరివేపాకు కూడా దొరుకుతుంది. శాకాహారులు "కిన్ జే" (మాంసం, చేప లేనిదే తింటాను) అన్న మాట నేర్చుకోండి, లేకపోతే కూరగాయల వేపుడులో కూడా చేప సాసు పోస్తారు.