స్పోర్ట్స్ కార్లో వార్నింగ్ లైట్లు ఆరిపోయి మళ్లీ మళ్లీ వస్తా ఉంటే సెన్సార్లు కొనబాకండి, ముందు ఇవి చూడండి

మా బామ్మర్ది రెండేళ్ల కిందట చెన్నైలో సెకండ్‌హ్యాండ్‌లో రెండు సీట్ల కన్వర్టిబుల్ ఒకటి కొన్నాడు. ఇంజన్ సీట్ల వెనకాల, బ్యాటరీ ముందు డిక్కీలో. రొయ్యలకి మంచి రేటు పలికిన ఏడాది అది, ఎవురు చెప్పినా వినే పరిస్థితిలో లేడు. ఆర్నెల్లకి మొదలైంది గోల. ఒకరోజు ఏబీఎస్ లైటు (బ్రేకేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఇంకోరోజు ట్రాక్షన్ లైటు (చక్రాలు జారకుండా చూసేది), ఒకోసారి బ్యాటరీ బొమ్మ, ఒకోసారి అన్నీ కలిసి దీపావళి. బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఉండవు, రెండ్రోజులాగి మళ్లీ హాజరు. వీడు బ్యాటరీ మార్చాడు, ముందు చక్రం సెన్సార్ మార్చాడు, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ కూడా మార్చాడు. ఆఖరికి తేలిందేందంటే ఇంజన్ నుంచి బాడీకి పోయే ఎర్తు పట్టీ (కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగొచ్చే దారి) తుప్పు పట్టి ఉంది, దాని ఖరీదు ఇద్దరం కూర్చుని చేపల పులుసుతో భోంచేసినంత.

అందుకే ఇది రాస్తున్నా. సంబంధం లేని రెండు మూడు లైట్లు ఒకేసారి వస్తున్నాయంటే మూడు పార్టులు ఒకే రోజు పోయాయని కాదు, ఆ మూడింటికీ కరెంటు ఇచ్చే దారిలో ఎక్కడో తేడా ఉందని. ఏబీఎస్ యూనిట్, స్టీరింగ్, ఇంజన్ కంప్యూటర్ వీటన్నిటికీ వోల్టేజీ ఒక లెవెల్ కంటే తగ్గితే తమ సెన్సార్ బాగున్నా సరే ఫాల్ట్ రాసేసుకుంటాయి, లైటు వేసేస్తాయి.

ముందు భయం సంగతి. పసుపు లైటయితే మామూలుగా నిదానంగా ఇంటికి రావచ్చు. ఎర్ర ఆయిల్ లైటు వస్తే అక్కడికక్కడే ఆపెయ్యండి, పక్కన బంకు ఉంది అక్కడిదాకా అనొద్దు. ఎర్ర బ్యాటరీ లైటు నడుస్తుండగా వస్తే వెంటనే టెంపరేచర్ ముల్లు చూడండి, ఎందుకంటే చాలా బండ్లలో ఆల్టర్నేటర్‌నీ వాటర్ పంపునీ తిప్పేది ఒకటే బెల్టు, అది తెగితే ఛార్జింగ్‌తో పాటు ఇంజన్ కూలింగ్ కూడా పోయినట్టే, హైవేలో కావలి దాకా లాగించేద్దాం అనుకుంటే ఇంజన్ మిగలదు.

సరే, ఇప్పుడు పని. మొదట కావాల్సింది స్పానర్ కాదు, ఒక నోట్‌బుక్కు. లైటు వచ్చిన ప్రతిసారీ టైము, వాన పడిందా, ఏసీ వేసుందా, హెడ్‌లైట్లు వేసున్నాయా, గుంతలో పడిందా, స్టీరింగ్ పూర్తిగా తిప్పారా, రెండ్రోజులు తీయకుండా పెట్టి తీశారా, ఇవన్నీ రాయండి. మావోడు మొదట నవ్వాడు, "ఏంది బావా, కారుకి జాతకం రాయాల్నా" అని. నెల తిరిగేసరికి పదకొండు సార్లు వచ్చింది, అందులో తొమ్మిది తెల్లవారుజామునే, నెల్లూరు నుంచి మైపాడు రోడ్డులో రొయ్యల గుంటల కాడికి పోయేటప్పుడు, మంచు పడి హెడ్‌లైట్లూ ఏసీ రెండూ వేసినప్పుడు. సెన్సార్ పోతే మధ్యాహ్నం కూడా రావాలి కదా, ఆ కాయితం చూసినాకే నాకు ఎర్తు మీద డౌటొచ్చింది.

తర్వాత బండి కంప్యూటర్ రాసుకున్న ఫాల్ట్ కోడ్లు చదవండి. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్‌కి పెట్టే చిన్న బ్లూటూత్ డబ్బా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కానీ చవక డబ్బాలు ఎక్కువగా ఇంజన్ కోడ్లే చూపిస్తాయి, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు కావాలంటే మీ బ్రాండుకి పనిచేసే స్కానర్ ఉండాలి, అది ఉన్న మెకానిక్‌ని పట్టుకోండి. అక్షరం చూసుకోండి: పీ అంటే ఇంజన్ గేర్‌బాక్స్ వైపు, సీ అంటే బ్రేకులు సస్పెన్షన్, బీ బాడీ, యూ అంటే కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోలేకపోవడం. పీ 0562 కనబడితే వోల్టేజీ తక్కువని బండే నోరు తెరిచి చెప్తున్నట్టు. యూ కోడ్లు నాలుగైదు వరసగా ఉన్నా ముందు కరెంటూ ఎర్తే చూడాలి. కోడ్లు ఫోటో తీసుకోకుండా మాత్రం క్లియర్ చేయించబాకండి, ఫాల్ట్ వచ్చినప్పుడు స్పీడెంత, వోల్టేజెంత అనేవి కూడా కొన్ని బండ్లు దాచిపెడతాయి, క్లియర్ కొడితే అదంతా పోతుంది. మన దగ్గర "తీసేశాను సార్, ఇంక రాదు" అని డబ్బులు తీసుకునేది ఈ క్లియర్ బటన్‌కే.

ఇంక అసలు పని మల్టీమీటర్‌తో, ఐదొందల లోపు దొరికేదయినా చాలు. రాత్రంతా ఆపిన బండిలో పొద్దున్నే బ్యాటరీ మీద కొలిస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, 12.2 ఉందంటే సగం ఖాళీ. స్టార్ట్ కొట్టేటప్పుడు 10 కంటే బాగా కిందికి పడిపోతే బ్యాటరీ వీక్. ఇంజన్ నడుస్తుండగా మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య. కొత్త మోడళ్లలో కంప్యూటరే ఛార్జింగ్‌ని తగ్గిస్తా పెంచుతా ఉంటుంది కాబట్టి ఒకసారి తక్కువ కనబడగానే ఆల్టర్నేటర్ పోయిందనుకోవద్దు, లైట్లూ ఏసీ వేసి మళ్లీ చూడండి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మావోడి మెకానిక్ కూడా ఇక్కడే ఆగాడు, ఆల్టర్నేటర్ బాడీ మీదే కొలిచి 14.2 ఉంది సూపర్ అన్నాడు, మరి బ్యాటరీ కాడ చూస్తే 12.8. మధ్యలో 1.4 వోల్టులు యాడికి పోయాయి? ఇది పట్టుకోడానికే వోల్టేజ్ డ్రాప్ టెస్ట్. ఇంజన్ ఆన్‌లో పెట్టి లైట్లు, ఏసీ, బ్లోయర్ అన్నీ వేసి, మీటర్ ఒక కొస బ్యాటరీ నెగెటివ్ ముక్కు మీద (క్లాంపు మీద కాదు, ముక్కు మీదే), ఇంకో కొస ఇంజన్ మీద పెయింటు లేని మెటల్ మీద పెట్టండి. 0.1, మహా అయితే 0.2 చూపించాలి. అంతకంటే ఎక్కువుంటే ఎర్తు దారిలో తుప్పో లూజో ఉంది. ఇంజన్‌కి బదులు బాడీ మీద పెట్టి చూస్తే ఏ ముక్కలో పోతుందో తెలిసిపోతుంది, మావోడికి బాడీ మీద దాదాపు సున్నా, ఇంజన్ మీద 1.4, అంటే మధ్యలో పట్టీయే దొంగ. ప్లస్ వైపు కూడా అంతే, ఆల్టర్నేటర్ వెనక లావు బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్ దాకా 0.3 లోపు ఉండాలి. పోర్షె బాక్స్‌టర్, కేమన్ లాంటి వాటిలో బ్యాటరీ ముందూ ఇంజన్ వెనకా కాబట్టి ఆ లావు కేబుల్ బండి పొడవునా పోతుంది, కొస దగ్గర లోపల పచ్చగా తుప్పు పట్టినా పైకి తొడుగు శుభ్రంగానే కనబడుతుంది. ఆ బోల్టులో ఎప్పుడూ కరెంటుంటుంది, ప్రోబు జారి బాడీకి తగిలిందంటే నిప్పులే, చేతికి ఉంగరం ఉంటే తీసి జేబులో పెట్టండి.

మన సముద్రపు పక్క ఊళ్లలో, అటు కొత్తపట్నం నుంచి ఇటు కృష్ణపట్నం దాకా, ఈ ఎర్తు రోగం లోపలి ఊళ్ల కంటే ఎక్కువే. ఉప్పుగాలి, గుంటల్లో ఏరియేటర్లు చిమ్మే తుంపర, పైగా షెడ్డు వాటి పక్కనే. బాగు చెయ్యడం సులువు: బ్యాటరీ నెగెటివ్ ముందు ఊడదీసి, ఎర్తు బోల్టు విప్పి, పట్టీ చెవినీ బాడీనీ ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, బిగించినాక పైన వాజలిన్ పుయ్యండి. పట్టీ పోగులు తెగుంటే కొత్తదే వెయ్యండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. డిక్కీ కరెంటుతో తెరుచుకునే బండయితే బ్యాటరీ ఊడదీసి డిక్కీ మూత ముయ్యబాకండి. మావోడు మూశాడు. బ్యాటరీ లోపల, తాళం కరెంటుది, కరెంటు బ్యాటరీలో! ఫ్యూజ్ బాక్సులో ఉండే టెర్మినల్‌కి బయటి బ్యాటరీతో ప్లస్ ఇచ్చి తెరవడానికి ఒక పూట పట్టింది, మీ బండికి పద్ధతేందో మాన్యువల్ చూసి పెట్టుకోండి. బీఎండబ్ల్యూ లాంటి వాటిల్లో బ్యాటరీ మార్చినప్పుడు స్కానర్‌తో కొత్తదని నమోదు చేయించడం కూడా మర్చిపోవద్దు.

ఎర్తు బాగానే ఉండి, వాన పడ్డాకే లైట్లు వస్తా ఉంటే నీళ్లు. కార్తీకంలో తుఫాను వానలకి కన్వర్టిబుల్ టాపు మూలల్లో, వైపర్ల కింద జల్లెడలో వేపాకు చేరి కాలవలు మూసుకుపోతాయి, నీళ్లు కార్పెట్ కిందికి దిగుతాయి, కొన్ని మోడళ్లలో సీటు కిందే కంప్యూటర్ డబ్బా ఉంటుంది. గ్లాసుడు నీళ్లు పోసి కింద నుంచి కారుతున్నాయా చూడండి. గాలి మిషన్‌తో గట్టిగా ఊదొద్దు, లోపల పైపు ఊడిపోతే ఇంకో రోగం.

రెండ్రోజులు పెడితే బ్యాటరీ దిగిపోతుంటే ముందు అనుమానించాల్సింది మనం పెట్టించిన డ్యాష్‌క్యామ్, రంగుల లైట్లు, హారన్లనే. యాక్సెసరీ షాపులో వైరు గీకి టేపు చుట్టిన ప్రతి చోటా చూడండి. బండి లాక్ చేసి, కీ దూరంగా పెట్టి, గంట ఆగి బ్యాటరీ నుంచి పోయే కరెంటు కొలిస్తే 50 మిల్లీయాంపుల లోపు ఉండాలి. ఎల్‌ఈడీ బల్బులు వేశాక బల్బు పోయిందని లైటు వస్తుంటే అది ఫాల్టే కాదు, ఎల్‌ఈడీ తక్కువ కరెంటు తాగుతుంది కాబట్టి బండి బల్బు లేదనుకుంటుంది. పొలాల పక్క షెడ్డయితే ఎలకలు కొరికిన వైర్లు కూడా వెతకాలి. బ్రేకు తొక్కినప్పుడే ట్రాక్షన్ లైటు వస్తుంటే పెడల్ దగ్గర బ్రేక్ లైట్ స్విచ్ చూడండి, చిన్న పార్టు, చాలా బండ్లలో ఇదే నాటకం ఆడుతుంది.

ఎయిర్‌బ్యాగ్ లైటు ఒక్కటి మాత్రం మీరు ముట్టుకోవద్దు. సీటు కింద పసుపు కనెక్టర్ కనబడిందని మీటర్ పెట్టి కొలవబాకండి, ఆ కొద్దిపాటి కరెంటుకే పేలే ప్రమాదం ఉంది.

అంతా అయినాక కోడ్లు క్లియర్ చేసి, నోట్‌బుక్కులో లైటు ఎప్పుడొచ్చిందో సరిగ్గా అదే టైములో అదే దారిలో తోలండి, మధ్యాహ్నం టౌన్లో మాగుంట లేఅవుట్‌లో ఒక రౌండేసి బాగైపోయింది అనుకోవద్దు. మావోడు, నేను ఐదు రోజులు వరసగా తెల్లారి నాలుగున్నరకి లేచి ఏసీ, లైట్లు వేసుకుని గుంటల దాకా పోయొచ్చాం. నాలుగో రోజు ఒక లైటు వెలిగింది. వాడు స్టీరింగ్ వదిలేసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు, దిగి చూస్తే వెనక టైర్లో గాలి తక్కువ.