ఇంగ్లిష్ మాట – 7వ పాఠం: ‘పిక్’ దగ్గర జారిపోతున్న ‘అప్’

పోయిన పాఠం అభ్యాసంలో నాలుగో వాక్యం దగ్గర చాలామంది బోల్తాపడ్డారు. ‘ఆరింటికి బెంజి సర్కిల్ దగ్గర నిన్ను ఎక్కించుకుంటా’ అన్నదానికి ‘ఐ విల్ పిక్ యు ఎట్ బెంజి సర్కిల్’ అని రాశారు. అందుకని ఈసారి చెప్పాల్సిన ‘సెలెక్ట్’ను వచ్చే పాఠానికి జరిపి, ముందు దీని సంగతి తేలుద్దాం.

‘పిక్ యు’ అంటే నిన్ను ఎంచుకుంటానని. జట్టులోకి ఆటగాణ్ణి తీసుకునేటప్పుడు అనే మాట అది. బండెక్కించుకోవాలంటే ‘అప్’ ఉండి తీరాలి: ‘ఐ విల్ పిక్ యు అప్.’ తెలుగులో మాట్లాడేటప్పుడు ‘పికప్’ అని సరిగ్గానే అంటాం. ఇంగ్లిష్ వాక్యం కట్టేసరికి ‘డ్రాప్’కు జోడీగా ‘పిక్’ ఒక్కటే మిగులుతోంది.

‘అప్’ గుర్తున్నవాళ్లు దాని చోటు దగ్గర తడబడ్డారు. యు, హిమ్, హర్, ఇట్, దెమ్ వస్తే అవి మధ్యలోనే కూర్చోవాలి. ‘పిక్ అప్ యు’ తప్పు. పేరు వస్తే ‘పిక్ రవి అప్’, ‘పిక్ అప్ రవి’ రెండూ ఒప్పే. పేరు స్థానంలో పొడుగాటి మాటలుంటే ‘అప్’ ముందే చెప్పేయండి: ‘పిక్ అప్ ద టూ బ్యాగ్స్ నియర్ ద టికెట్ కౌంటర్.’ ‘అప్’ను చివరిదాకా దాచిపెడితే వినేవాళ్లకు అర్థం అందదు.

ఇక అసలు అర్థం. గుంటూరు పక్క చేలో మిరపకాయలు కోసినా, పత్తి తీసినా ‘పిక్’. కల్లంలో ఎర్రకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరితే ‘పిక్ అవుట్’. కోయడం, తీయడం, ఏరడం అని మనకు మూడు మాటలున్నచోట ఇంగ్లిష్‌కు ఒక్కటే. వేళ్లతో ఒక్కొక్కటిగా తీసుకోవడమే ఇక్కడ దాని భావం. ఎంపికలోనూ ఆ చేత్తో ఏరుకునే తీరే ఉంటుంది: బీసెంట్ రోడ్డు కొట్లో రంగు చూసి చున్నీ తీసుకోవడం ‘పిక్’. ఏ కోర్సు చదవాలో ఆలోచించి తేల్చుకోవడానికి నేనైతే ‘చూజ్’ అనే రాస్తాను.

‘పిక్ ఆన్’లో ఎంపిక లేదు, ఒకరినే పనిగట్టుకుని వేధించడం. కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంటే ‘పిక్ ఎట్’. ‘నిట్’ అంటే ఈపి, పేను గుడ్డు. కాబట్టి ‘నిట్‌పిక్’ మన కోడిగుడ్డుకు ఈకలు పీకడమే.

అన్నట్టు, జరిగిపోయినదానికి ‘పికెడ్’ అని పలకకండి, ‘పిక్ట్’.

అభ్యాసం: మిరపకాయ చేను నుంచి యార్డుకు చేరేదాకా పన్నెండు వాక్యాలు. ప్రతిదాంట్లో ‘పిక్’ ఉండాలి, ‘చూజ్’ ఎక్కడా రాకూడదు. కనీసం నాలుగింట్లో ‘ఇట్’ గానీ ‘దెమ్’ గానీ మధ్యలో కూర్చోవాలి.