తుపాకీ నూనె సీసా దొరికితే ముందు చింతపండు దూరం పెట్టండి: పాత రైఫిల్ సీసాలను గుర్తుపట్టడం, దాచుకోవడం ఎలా?

పాత ఇత్తడి వస్తువు ఏది ఇంటికొచ్చినా మన వైపు మొదట జరిగేది ఒకటే, చింతపండు, ఇటుక పొడి వేసి తోమేయడం. తిరుపతిలో ఒక గుజిరీ అంగడిలో నాకు దొరికిన మొదటి సీసాకు కూడా అదే జరిగింది. నేను స్నానం చేసి వచ్చేలోపు మా అవ్వ దాన్ని పూజ చెంబులా తళతళలాడించి పెట్టింది. మూత మీద బాణం గుర్తు పక్కన అరిగి అరిగి లీలగా మిగిలిన రెండు అంకెలు ఆ తోముడుకు పోయాయి. అది ఏ సంవత్సరం సీసానో ఇక తెలిసే దారి లేదు. అందుకే ఈ వ్యాసంలో ఇంకేది మర్చిపోయినా ఇదొక్కటి మర్చిపోకండి: ముందు చదవాలి, తర్వాతే తుడవాలి.

అసలు ఇదేంటి?

సీసా అంటున్నాం కానీ గాజుది కాదు. మన పోలీసుల చేతుల్లో ఏళ్ల తరబడి కనిపించిన .303 రైఫిల్ ఉంది కదా, లీ ఎన్‌ఫీల్డ్, దాన్ని భుజానికి ఆనించే కట్టె వెనక పలకకు చిన్న తలుపు ఉంటుంది. తలుపు తీస్తే లోపల తొలిచిన గుంత, అందులో తుపాకీ గొట్టంలోంచి గుడ్డను లాగి తుడిచే పుల్‌త్రూ తాడు, దాంతో పాటు ఈ చిన్న ఇత్తడి సీసా. కాలేజీలో ఎన్‌సీసీ చేసినవాళ్లకు ఈ మాటలు వెంటనే గుర్తొస్తాయి: పుల్‌త్రూ, చిందీ, ఆయిల్ బాటిల్. గొట్టం తుడవడానికి 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు చిందీ, అంటే గుడ్డ పేలిక, నూనె పట్టించడానికి అంతకంటే కాస్త సన్నది. ఆ నూనె ఉండేది ఇందులోనే. బ్రిటిష్ సైన్యం ఒకప్పుడు తుపాకులకు వాడిన నూనె పేరు రంగూన్ ఆయిల్. మన తెలుగువాళ్లు బతకడానికి ఓడెక్కి పోయిన ఆ రంగూన్ పేరే.

చేతిలోకి తీసుకుని మూత తిప్పండి

ఇక్కడే చాలామంది పొరబడతారు. చిత్తూరు పల్లెల్లో పాత సామాన్ల మధ్య ఇలాంటి చిన్న ఇత్తడి డబ్బీలు బోలెడు కనిపిస్తాయి, వాటిలో ఎక్కువ భాగం తాంబూలం వేసుకునేవాళ్ల సున్నపు కాయలు. వాటికీ చిన్న చెంచా ఉంటుంది కాబట్టి తికమకే. తేడా ఏంటంటే సున్నపు కాయ చెంచా మామూలుగా బయట గొలుసుకు వేలాడుతుంది, నూనె సీసా చెంచా మాత్రం మూతకే అతుక్కుని లోపలికి దిగి ఉంటుంది. మూత మరలతో బిగుసుకుంటుంది, జారకుండా దాని అంచు గరుకుగా ఉంటుంది, మూత కింద తోలు వాషర్ ఉంటుంది. మరలు, లోపలి చెంచా, తోలు వాషర్ మూడూ కలిసి కనిపిస్తే మీ చేతిలో ఉన్నది నూనె సీసా అని గట్టిగా నమ్మొచ్చు.

మూత రాకపోతే కటింగ్ ప్లేయర్ పట్టకండి. ఒక్క నొక్కుకే మెడ సొట్టపోతుంది, గుర్తులుంటే అవీ పోతాయి. మూత చుట్టూ రెండు మూడు చుక్కలు కుట్టు మిషన్ నూనె వేసి, రెండు రోజులు తలకిందులుగా పెట్టి, తర్వాత గుడ్డ చుట్టి చేత్తోనే తిప్పండి. రాకపోతే ఇంకో రెండు రోజులు. మంట దగ్గర మాత్రం పెట్టొద్దు, తోలు కాలిపోతుంది. తెరిచాక తోలు చుట్టూ పచ్చగా, మైనంలా ఏదో పేరుకుని ఉంటే కంగారు పడకండి. తోలులోని కొవ్వు ఇత్తడిలోని రాగితో కలిస్తే అలాగే అవుతుంది. వెదురు పుల్లతో మెల్లగా గీకితే వచ్చేస్తుంది.

గుర్తులు చదవడం

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. రాత్రిపూట గదిలో లైటు ఆపేసి, ఫోన్ టార్చిని సీసా పక్క నుంచి ఏటవాలుగా పట్టుకుని మెల్లగా తిప్పుతూ చూడండి. పగటి వెలుగులో నున్నగా ఉన్న చోట అక్షరాలు నీడలతో సహా లేచి వస్తాయి. ఇంకా అందకపోతే ముఖానికి పూసుకునే పౌడర్ చిటికెడు రుద్ది, పైపైన తుడిచేయండి, గుంతల్లో తెల్లగా నిలుస్తుంది. మూత పైన, మెడ దగ్గర, ఒంటి మీద, అడుగున అన్నిచోట్లా చూడాలి.

ముఖ్యంగా వెతకాల్సింది కాకి అడుగులా ఉండే మూడు గీతల బాణం. అది బ్రిటిష్ ప్రభుత్వ సొత్తు అని చెప్పే ముద్ర. బాణంతో పాటు ఇంగ్లిష్ ‘ఐ’ ఉంటే భారత ప్రభుత్వానిది, బాణం ‘సి’ అక్షరం లోపల ఉంటే కెనడా, రెండు ‘డి’ల మధ్య ఉంటే ఆస్ట్రేలియా, ‘యు’ లోపల ఉంటే దక్షిణాఫ్రికా. ‘ఆర్.ఎఫ్.ఐ.’ అని కనిపిస్తే బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీని గుర్తుచేసుకోండి. మిగతా పొడి అక్షరాలు తయారీదారువి, పక్కనే రెండో నాలుగో అంకెలుంటే చాలావరకు సంవత్సరమే.

ఒక అయస్కాంతం జేబులో పెట్టుకోండి. అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే ఇత్తడి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ప్లాస్టిక్ సీసాలు కూడా వచ్చాయి. అవి ముచ్చటగా ఉండవు కాబట్టి అంగడివాళ్లు పారేస్తుంటారు, మీరు పారేయకండి.

వేరే దేశాలవి మన దగ్గర అరుదు, అయినా తెలిసి ఉండటం మంచిది. రష్యా మోసిన్ నాగంట్ రైఫిల్ డబ్బాకు రెండు మూతలు, లోపల రెండు అరలు. ఒకదాంట్లో గొట్టం కడిగే క్షార ద్రావణం, ఇంకోదాంట్లో నూనె. నూనె వైపు ఇంగ్లిష్ ‘హెచ్’లా కనిపించే అక్షరం ఉంటుంది, రష్యన్‌లో అది ‘న’. అమెరికా ఎమ్1 కార్బైన్‌ది ఇంకా తెలివైన పని: నూనె గొట్టాన్నే కట్టెలోని సందులో పెట్టి, భుజం పట్టీ ఊడకుండా అదే పట్టుకునేలా చేశారు.

కొనేటప్పుడు

పెద్ద కిరీటం, లండన్ అని పెద్ద అక్షరాలు, పక్కనే 1917, అన్నీ ఒకే వస్తువు మీద అందంగా చెక్కి ఉంటే అది కొత్తగా చేసి అమ్ముతున్న అలంకరణ సామాను. సైన్యం గుర్తులు చిన్నవి, ఒక్కోసారి వంకరవి, లెక్క కోసం కొట్టినవే తప్ప చూపు కోసం కాదు. అంగడిలో ఇత్తడి తూకం లెక్కనే ఇస్తామంటారు, కానీ అది ఏమిటో మీకు తెలిసినప్పుడు ఆ సంగతి అంగడివాడికి చెప్పి, నాలుగు రూపాయలు ఎక్కువ ఇచ్చి కొనండి. ఇంకోసారి అలాంటిది కనిపిస్తే కరిగించకుండా మీ కోసం పక్కన పెడతాడు, నాకు మూడు సీసాలు అలా వచ్చినవే.

చట్టం సంగతి కూడా వినండి. తూటాలు, బోల్టు, గొట్టం లాంటి తుపాకీ భాగాలు 1959 ఆయుధాల చట్టం కిందికి వస్తాయి. సీసాతో పాటు అవీ ఇస్తామంటే ముట్టుకోవద్దు. పేలని తూటా కనిపిస్తే పోలీసులకు చెప్పాల్సిందే. నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులు 1972 చట్టం ప్రకారం పురావస్తువులు అవుతాయి, వాటిని మనం సొంతంగా విదేశాలకు పంపడానికి వీల్లేదు.

దాచడం

పొడి కాటన్ గుడ్డతో తుడిచి, బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి డబ్బాలో పెట్టండి. రబ్బరు బ్యాండు చుట్టొద్దు, రబ్బరులోని గంధకానికి ఇత్తడి నల్లబడుతుంది.

ఒక్కో సీసాకు నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇవ్వండి: గుర్తులు, పొడవు, ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు. మాజీ సైనికుల ఇంటి నుంచి వస్తే వస్తువు తీసుకుని వచ్చేయకుండా ఆ ఇంటి పెద్దావిడ దగ్గర కాసేపు కూర్చోండి. ‘పెద్దాయన ఏ రెజిమెంటమ్మా? వెల్లింగ్టన్ మద్రాస్ రెజిమెంట్‌లోనా, బెంగళూరు మద్రాస్ శాపర్స్‌లోనా?’ అని అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు అదే పేజీలో రాసుకోండి.