చుక్కలతో ముఖచిత్రం – 4వ పాఠం: చెంప మీద మచ్చలెందుకు లేచాయి?

పోయిన పాఠంలో, రంగు చుక్కలను పక్కపక్కనే పెట్టి దూరం నుంచి కన్నే వాటిని కలుపుకునేలా, నూనెరంగులతో చెంప వేయమన్నాను. చాలామందికి ఆటలమ్మ పోసినట్టు మచ్చలు లేచాయి. కొందరికి బూడిద పూసినట్టు వచ్చింది. అందుకే ఈసారి వేద్దామనుకున్న ముక్కును వాయిదా వేస్తున్నాను.

మచ్చలకు కారణం మీరు ఎంచుకున్న రంగులు కాదు, వాటి ముదురు-లేతల తేడా. ట్యూబులోంచి తీసిన అల్ట్రామెరీన్ నీలం దాదాపు నలుపంత ముదురుగా ఉంటుంది. చామనచాయ చెంప మీద దాన్ని అలాగే పెడితే కన్ను పక్క చుక్కలతో కలపదు, మచ్చగానే పట్టుకుంటుంది. అదే నీలంలో తెలుపు కలిపి పక్కనున్న నారింజంత లేతకు తెచ్చారంటే, రెండూ ఎంత వేరు రంగులైనా ఒద్దికగా కలిసిపోతాయి. నీలానికి సమానంగా టైటానియం వైట్ కలిపి మొదలుపెట్టండి. ముదురు ఎరుపైన అలిజరిన్ క్రిమ్సన్‌ కూడా ఇంతే, తెలుపు లేకుండా చెంప మీదికి రానివ్వకండి. కాడ్మియం పసుపుది తిరగబడ్డ సమస్య: అది మరీ లేత. ముదురు చేద్దామని నలుపు కలిపితే ఆకుపచ్చగా మారుతుంది. దాని బదులు ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు వాడండి. ఈ చుక్కల పద్ధతికి ఆద్యులైన ఫ్రెంచ్ చిత్రకారులు స్యూరా, సిన్యాక్‌లు మట్టిరంగులను పాలెట్ నుంచి తీసేశారు, నిజమే. కానీ మన చామనచాయకు ఓకర్‌ను నేను వదులుకోను.

రంగులు కుదిరాయో లేదో పాలెట్ మీదే తేల్చుకోవాలి. అన్నిటినీ పక్కపక్కనే పూసి, ఫోన్‌తో నలుపు-తెలుపు ఫోటో తీయండి. ఫోటోలో వాటి మధ్య హద్దులు కనబడకపోతే సరిపోయినట్టే. ఏదైనా విడిగా కనబడితే అది కాన్వాస్ మీద మచ్చవుతుంది. కళ్లు చికిలించి చూసినా తెలుస్తుంది కానీ, ఎరుపు దగ్గర కన్ను మోసపోతుంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా కుంచె ఎత్తకండి.

ఇక బూడిద సంగతి. దూరం నుంచి చూసినప్పుడు కన్ను చుక్కల సగటును చూస్తుంది. పాలెట్ మీద పసుపు, నీలం కలిపితే ఆకుపచ్చ వస్తుంది. చుక్కలుగా పెడితే వచ్చేది బూడిదరంగే. గడ్డం కింద నీడలో ఆకుపచ్చ కావాలంటే ఆకుపచ్చ చుక్కే పెట్టాలి. నారింజ, నీలం సగం సగం వేసినా బూడిదే. చర్మపు అసలు రంగు సగానికి తగ్గకూడదు, దాని ఎదురు రంగు (నారింజకు నీలంలా) ఏడో వంతు దాటకూడదు.

ఆ కొద్ది నీలమైనా ఎందుకంటే, పక్కనున్న నారింజను అది మరింత నారింజగా చూపిస్తుంది. పారిస్ గోబెలిన్స్ నేతశాలలో అద్దకం చూసుకునే షెవ్రల్‌కు, నల్ల ఊలు వెలవెలబోతోందని ఫిర్యాదులొచ్చాయి. లోపం అద్దకంలో లేదు, పక్కనున్న నీలం, ఊదా రంగుల ప్రభావమది. ఆయన దీని మీద 1839లో పుస్తకం వేశాడు, స్యూరా దాన్ని చదివాడు.

తడి మీద తడి పెడితే కుంచె కింది రంగును లాక్కొచ్చి చుక్క మురికవుతుంది. లిన్‌సీడ్ నూనె అసలు కలపకండి. ఒక్కో రంగుకు ఒక్కో 2 నంబరు రౌండ్ కుంచె పెట్టుకోండి, ఐదారు చుక్కలకోసారి గుడ్డతో తుడవండి. మొదట చుక్కల మధ్య సందు వదిలి వేయండి. అవి వేలికి అంటుకోనంతగా ఆరాక, సాధారణంగా వారానికి, ఆ సందులు నింపండి.

చుక్కలు కలవట్లేదని వాటిని చిన్నవి చేయకండి. 2.5 మిల్లీమీటర్ల చుక్కలు పూర్తిగా కలిసిపోవాలంటే ఎనిమిదిన్నర మీటర్ల దూరం కావాలి. మూడు మీటర్ల నుంచి అవి సగమే కలిసి మిలమిలలాడతాయి. మనకు కావలసింది ఆ మిలమిలే.

అభ్యాసం: 5 సెంటీమీటర్ల చదరాలు మూడు గీయండి: వెలుగు చెంప, నడిమి చెంప, నీడ చెంప. ఒక్కోదానిలో 400 చుక్కలు. ఓకర్ కలిపిన నారింజ 220, గులాబీ 100, నీలం 50, ఆకుపచ్చ 30. చదరం మారినప్పుడు నాలుగు రంగులనూ మళ్లీ కలిపి, మళ్లీ ఫోటో తీయాలి. వరసల్లో పెట్టకండి, గళ్లచీరలా కనిపిస్తుంది. మూడూ ఆరాక గోడకు ఆనించి, మూడు మీటర్లు వెనక్కి జరిగి చూడండి. ఏ చదరంలో మచ్చ కనిపిస్తే దాన్ని మళ్లీ వేయండి.